ఆలిస్ స్ప్రింగ్స్ దాటాక: ఫ్రిజ్‌లు, వరుసలు

సెలవు మీద హన్మకొండ వచ్చిన దగ్గర్నుంచి ఏ ఇంటికి పోయినా ఇదే ముచ్చట. ఆస్ట్రేలియా అంటే మనవాళ్ళకు సిడ్నీ, మెల్‌బోర్న్, స్టూడెంట్ వీసా, మహా అయితే క్రికెట్. నేనుండేది ఎడారి మధ్యలో, పని మీద తిరిగేది అక్కడి ఆదివాసుల ఊళ్ళలో అని చెప్పగానే మా పెద్దబాపు చాయ్ గ్లాసు కింద పెట్టి "వాళ్ళు బట్టలు కట్టుకుంటరా బిడ్డా?" అని అడిగాడు. కట్టుకుంటారు పెద్దబాపూ. ఫుట్‌బాల్ టీముల బనీన్లు వేసుకుంటారు, ముసలాయనలు కౌబాయ్ టోపీలు పెట్టుకుంటారు, పిల్లలు మన పిల్లల్లాగే ఫోన్లో తల దూర్చి ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

నా పని ఫ్రిజ్‌లు, ఏసీలు, కోల్డ్ రూమ్‌లు బాగుచేయడం. ఐటీఐ అయ్యాక హన్మకొండలో ఒక షాపులో కంప్రెసర్లు విప్పడం నేర్చుకున్నా, తర్వాత మన వైపు అందరిలాగే గల్ఫ్, అక్కడి నుంచి ఆలిస్ స్ప్రింగ్స్. ఆ ఊరు దేశానికి దాదాపు నట్టనడుమ ఉంటుంది, ఉత్తరాన డార్విన్‌కు పోవాలంటే 1500 కిలోమీటర్లు, దక్షిణాన అడిలైడ్‌కు పోవాలన్నా అంతే. ఆ ఊరున్న ప్రాంతం పేరు నార్తర్న్ టెరిటరీ, దాని విస్తీర్ణం మన తెలంగాణకు 12 రెట్లు ఉంటుంది కానీ జనం చూస్తే రెండున్నర లక్షలు, వరంగల్ నగరంలో ఉన్నంత మంది కూడా లేరు. అందులో నాలుగో వంతుకు పైగా అబోరిజినల్ ప్రజలు, అంటే అక్కడి ఆదివాసులు. ఆ భూమిలో దాదాపు సగం చట్టప్రకారం వాళ్ళదే. 1976లో వచ్చిన ల్యాండ్ రైట్స్ చట్టం కింద భూమి ట్రస్టుల పేరు మీద ఉంటుంది, ఎవరూ అమ్మలేరు, ఎవరూ కొనలేరు. ఉట్నూరు, ఏటూరునాగారం వైపు వాళ్ళకు గిరిజనుల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం తెలుసు కాబట్టి ఈ సంగతి ఎక్కువ వివరించక్కర్లేదు. కాకపోతే అక్కడ ఇంకో మెట్టు ఉంది, ఆ భూమి మీద తిరగాలంటే ల్యాండ్ కౌన్సిల్ నుంచి పర్మిట్ తీసుకోవాలి. సరదాగా కారేసుకొని చూసొద్దాం అంటే కుదరదు, కుదరకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

నన్ను మొదట పంపింది పపున్యాకు. ఆలిస్ నుంచి వాయువ్యంగా 240 కిలోమీటర్లు. స్టోర్‌లో కోల్డ్ రూమ్ చల్లబడటం లేదని ఫోన్ వచ్చింది, నాతో ఒక సీనియర్ మెకానిక్, తెల్లాయన, జీవితమంతా ఆ రోడ్ల మీదే గడిపినవాడు. బండిలో రెండు స్టెపినీలు, క్యాన్ల నిండా నీళ్ళు, శాటిలైట్ ఫోన్. ఆయన చెప్పిన మొదటి రూలు: బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండు, నడుచుకుంటూ పోకు, వెతికేవాళ్ళకు మనిషి కంటే బండి తొందరగా కనిపిస్తుంది. ఎడారి అంటే ఇసుక దిబ్బలు ఊహించుకున్నా కానీ ఆ దారిలో కనిపించింది ఎర్రమట్టి, ముల్గా తుప్పలు, బంతుల్లా గుబురుగా పెరిగే స్పినిఫెక్స్ గడ్డి, దూరంగా కొండలు. ఎండాకాలం 40 దాటుతుంది, అది రామగుండం చూసినవాళ్ళకు పెద్ద విషయం కాదు. జూన్, జులైలో రాత్రి సున్నా కంటే కిందికి పోయినప్పుడు మాత్రం మన ఒళ్ళు తట్టుకోదు. ఒంటెలు కూడా ఉన్నాయి, రైళ్ళు, లారీలు లేని రోజుల్లో అప్పటి బ్రిటిష్ ఇండియా నుంచి ఓడల్లో తీసుకెళ్ళినవి, పని అయిపోయాక వదిలేస్తే అడవి ఒంటెలై పెరిగిపోయాయి.

ఊరు చూడగానే ఏమనిపించింది అని మా వదిన అడిగింది. నిజం చెప్పాలంటే ముందు కళ్ళకు పడేది చెత్తా, చక్రాలు లేని కార్లు, కుక్కలు. చాలా కుక్కలు. తర్వాత చర్చి, బడి, క్లినిక్, ఆర్ట్ సెంటర్, గడ్డి పరక లేని ఎర్రటి ఫుట్‌బాల్ గ్రౌండ్. అది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, చేత్తో పట్టుకొని కాలితో తన్నే ఆస్ట్రేలియన్ ఆట, పిల్లలు చెప్పులు లేకుండా ఆ మట్టిలో ఆడుతుంటే చూడాలి. క్రికెట్ గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు! ఊరి మొదట్లో మద్యం నిషేధం అని పెద్ద బోర్డు. పెట్రోల్ బంకులో ఉండేది కూడా మామూలు పెట్రోల్ కాదు, వాసన పీల్చి మత్తెక్కకుండా తయారుచేసిన ఓపల్ అనే రకం, 2005లో మొదలై ఆ ప్రాంతంలో పాకింది. అంతకు ముందు పిల్లలు డబ్బాల్లో పెట్రోల్ పోసుకొని పీల్చి పాడైపోయేవాళ్ళట.

స్టోర్ అంటే ఊరికి ఒక్కటే దుకాణం. అన్నీ లారీ మీద ఆలిస్ నుంచి రావాలి కాబట్టి ధరలు పట్నం కన్నా బాగా ఎక్కువ. కోల్డ్ రూమ్ రోగం సులువుగానే తెలిసింది, కండెన్సర్ ఫిన్ల మధ్య ఎర్రదుమ్ము గట్టిపడి గోడలా తయారైంది, గాలి ఎట్లా ఆడుతుంది? ఆ దుమ్ము పౌడర్ కన్నా సన్నం, ఫిల్టర్ పెట్టినా దూరుతుంది. అది కడుగుతూ పక్కన డీప్ ఫ్రీజర్ మూత తీసి చూస్తే అందులో మూరెడు పొడవు కంగారూ తోకలు, తోలూ వెంట్రుకలతో సహా, ప్లాస్టిక్ కవర్లలో గడ్డకట్టి వరుసగా పేర్చి ఉన్నాయి. పక్క అరలోనే అల్యూమినియం ఫాయిల్ చుట్టలు, ఎందుకంటే ఈ రెండూ కలిపే అమ్ముడుపోతాయి. మంట మీద వెంట్రుకలు కాల్చి గీకేసి, ఫాయిల్ చుట్టి, గుంటలో నిప్పుల కింద కప్పెడతారు. తిన్నావా అంటే తిన్నా. ఎముక చుట్టూ జిగురుగా, కొవ్వుగా ఉంటుంది, కారం లేదన్న లోటు తప్ప మటన్ కాళ్ళు ఇష్టపడే వాళ్ళకు నచ్చుతుంది. మా చిన్నమ్మ ఈ మాట విని లేచి లోపలికి పోయింది.

అసలు నేను రాయాలనుకున్నది ఇళ్ళల్లో ఫ్రిజ్‌ల గురించి. స్టోర్ పని అయ్యేలోపు ఎవరో ఒకరు వచ్చి మా ఇంట్లో ఫ్రిజ్ కూడా చూస్తావా అని అడుగుతారు. ఎవరి ఇంటికైనా పోతే నేరుగా తలుపు కొట్టరు, ప్రహరీ బయట బండి ఆపి కూర్చుంటే లోపల వాళ్ళు చూసి బయటికి వస్తారు, అంతవరకూ ఆగాలి. చాలాసార్లు ఫ్రిజ్‌కు ఏ రోగమూ ఉండదు. కరెంటు ఉండదు. కమ్యూనిటీలని పిలిచే ఈ ఆదివాసుల ఊళ్ళలో చాలా ఇళ్ళకు ప్రీపెయిడ్ మీటర్లు, మనం ఫోన్ రీచార్జ్ చేసుకున్నట్టు కరెంటుకు డబ్బు కట్టుకోవాలి, అయిపోతే టక్కున ఆగిపోతుంది. 2018-19లో 28 కమ్యూనిటీల మీటర్ల లెక్కలు పరిశోధకులు తీస్తే ఆ ఒక్క ఏడాదిలో 91 శాతం ఇళ్ళకు కనీసం ఒకసారి కరెంటు పోయింది, 74 శాతం ఇళ్ళకు పదిసార్లకు మించి. అది కూడా ఎక్కువగా బాగా ఎండ కాసే రోజుల్లో, గడ్డకట్టే చలి రోజుల్లో, ఎందుకంటే అప్పుడే ఏసీ, హీటర్ ఎక్కువ వాడతారు. షుగర్ జబ్బు బాగా ఉన్న ఊళ్ళు అవి, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టాలి, కరెంటేమో మధ్యాహ్నానికే ఆగింది. బాగున్న కంప్రెసర్‌ను చూసి, ఏమీ లేదమ్మా, బ్యాలెన్స్ వేయించండి అని చెప్పి రావడమే నేను చేసిన రిపేరు.

కరెంటు ఉన్న ఇంట్లోనైనా ఫ్రిజ్ నిండుగా ఉండదు. పొద్దున స్టోర్ నుంచి తెచ్చిన మాంసం సాయంత్రానికి ఉండదు, ఎందుకంటే వరుసైన వాళ్ళు వచ్చి అడుగుతారు, అడిగితే ఇవ్వాలి, ఇవ్వకపోతే మనిషే కాదు. అక్కడి ఇంగ్లీషులో దీన్ని హంబగ్ అంటారు. అదే మా సీనియర్‌కు ఒళ్ళు మంట, బండిలో తిరుగు దారి మొత్తం ఇదే పాట, వీళ్ళు దాచుకోవడం నేర్చుకోరు, ఒకడు సంపాదిస్తే ఇరవై మంది తింటారు అని. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా. నా జీతం ఎటు పోతుందో ఆయనకు తెలియదు మరి. చెల్లె పెళ్ళి బాకీ, మేనల్లుడి ఇంటర్ ఫీజు, చిన్నబాపు పొలంలో ఫెయిలైన బోరు పక్కన ఇంకో బోరు, ఎన్నడూ మాట్లాడని దూరపు బావకు ఎలక్షన్ల ముందు చేబదులు... ఇవన్నీ లెక్కేస్తే ఆయన నన్ను కూడా ఆ ఇరవై మందిని మేపే బాపతులోనే వేసేవాడు. అడిగేవాళ్ళ మీద నాకూ చిరాకు వస్తుంది, అబద్ధం ఎందుకు. అయినా నేను గల్ఫ్ పోయేటప్పుడు ఏజెంటుకు కట్టిన డబ్బు ఇదే వరుసల వాళ్ళ దగ్గర తలా కొంత పోగైంది, అది కూడా లెక్కలోకి రావాలి కదా.

పపున్యా పేరు చెప్పినప్పుడు బొమ్మల సంగతి చెప్పకుండా ఉండలేను. చుక్కలు చుక్కలుగా వేసే ఆ ఎడారి పెయింటింగులు ఇప్పుడు ప్రపంచమంతా తెలుసు, అవి క్యాన్వాసు మీదికి పెద్దఎత్తున రావడం మొదలైంది అక్కడే, 1971లో, బడి గోడ మీద పెద్దమనుషులు తేనె చీమల కథను బొమ్మగా వేయడంతో. జెఫ్రీ బార్డన్ అనే టీచర్ రంగులిచ్చి ప్రోత్సహించాడు, మరుసటి ఏడు వాళ్ళే పపున్యా తులా అని సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఆ తరం వాళ్ళలో ఒకరైన క్లిఫర్డ్ పాసమ్ జపల్‌జారి వేసిన, 1977లో 1200 డాలర్లకు అమ్ముడైన బొమ్మ 2007లో వేలంలో 24 లక్షల డాలర్లు పలికింది, అప్పటికి ఆయన లేడు. దళారులు ఎవరు బాగుపడ్డారో మీరే ఊహించుకోవచ్చు. ఆర్ట్ సెంటర్‌లో ఏసీ చూడటానికి పోయినప్పుడు ఒక పెద్దావిడ నేల మీద కాళ్ళు చాపుకొని, ఒళ్ళో మనవరాలు నిద్రపోతుంటే, పుల్లతో చుక్కలు పెడుతోంది. అది ఏ కథ అని అడగాలనిపించింది. అడగలేదు. చెప్పదగిన కథలు వాళ్ళే చెబుతారు, చెప్పకూడనివి బోలెడు ఉంటాయి, కొన్ని ఆడవాళ్ళకే, కొన్ని మగవాళ్ళకే.

ఇక వరుసలు. ఇది మాత్రం నాకు మా సీనియర్ కంటే తొందరగా అర్థమైంది, గొప్పకు చెప్పడం లేదు, మనం పుట్టి పెరిగింది అందులోనే కాబట్టి. యువెండుము అనే ఊరు ఆలిస్‌కు దాదాపు 300 కిలోమీటర్లు, వాల్పిరి మాట్లాడేవాళ్ళది. అక్కడికి పని మీద మళ్ళీ మళ్ళీ పోతుంటే స్టోర్ దగ్గర ఒక పెద్దాయన ఓ రోజు నన్ను జకమర్ర అన్నాడు. వాల్పిరి వాళ్ళలో ఎనిమిది వర్గాలు, మగవాళ్ళకు జ తో, ఆడవాళ్ళకు న తో మొదలయ్యే పేర్లు, పుట్టుకతోనే ఎవరిది ఏదో తేలిపోతుంది. ఏదీ లేని మనిషితో ఎట్లా మాట్లాడాలో, ఎంత దూరంలో నిలబడాలో, ఎవరికి తెలుస్తుంది? అందుకే తరచూ వచ్చేవాళ్ళకు ఒకటి ఇస్తారు. జకమర్ర అనగానే ఊరందరికీ నాకూ వరుస కుదిరిపోయింది. నపల్‌జారి ఆడవాళ్ళు నాకు భార్య వరుస, నంగాల ఆడవాళ్ళు అత్త వరుస. అత్తా అల్లుడూ అక్కడ ఎదురెదురుగా మాట్లాడుకోరు, ఒకే బండిలో కూర్చోరు, ఆ తర్వాత నుంచి క్యాష్ కౌంటర్‌లో పనిచేసే ఒక నంగాల ఆవిడ నేను వస్తే మొహం పక్కకు తిప్పుకొని ఇంకొకరిని పిలిచేది. కోపంతో కాదు, మర్యాద అది.

నాన్న అన్నదమ్ములంతా నాన్నలే, అమ్మ అక్కచెల్లెళ్ళంతా అమ్మలే, మేనమామ, మేనత్త వేరు. ఇది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మనలో తాత పేరు మనవడికి పెడతాం, అక్కడ వర్గమే తాతది మనవడికి వస్తుంది: జకమర్ర కొడుకు జుపురుర్ల, వాడి కొడుకు మళ్ళీ జకమర్ర. తేడా ఎక్కడంటే, మనం మేనమామ బిడ్డను మరదలంటాం, చేసుకుంటాం కూడా, వాల్పిరి వాళ్ళు అట్లా నేరుగా చేసుకోరు, ఇంకో తరం దూరం జరిపి చూస్తారు. కాగితం మీద గీసి పెద్దాయనకు మన పద్ధతి చూపిస్తే ఆయన కాసేపు చూసి, ఇది మరీ దగ్గర అన్నట్టు నాలుక చప్పరించాడు.

దీని మీద మా కజిన్ వాట్సాప్‌లో ఒకటి పంపాడు, నాలుగు వేల ఏళ్ళ కింద మనవాళ్ళే ఆస్ట్రేలియా పోయారు, అందుకే పోలికలు అని. 2013లో అట్లాంటి జన్యు పరిశోధన ఒకటి వచ్చిన మాట నిజమే. 2016లో మగవాళ్ళ వై క్రోమోజోములు ఇంకా లోతుగా చదివితే అట్లాంటి రాకకు ఆనవాలు దొరకలేదు. వాళ్ళు 50 వేల ఏళ్ళకు పైగా అక్కడ ఉన్నవాళ్ళు. మేనరికాల పోలిక ఉన్నంత మాత్రాన వాళ్ళను మనవాళ్ళను చేసెయ్యడం ఎందుకో నాకు నచ్చదు.

చావు దగ్గర కూడా గట్టి కట్టుబాట్లు. ఒకసారి పని ఖాయం చేసుకొని బయల్దేరబోతుంటే ఫోన్ వచ్చింది, రావొద్దు, ఊళ్ళో సారీ బిజినెస్ నడుస్తోందని. అంటే చావు, దాని తర్వాతి దుఃఖం రోజులు. స్టోర్ కూడా మూసేస్తారు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బంధువులు పరుపులు వేసుకొని వచ్చి కలిసి ఉంటారు. పోయిన మనిషి పేరు పలకరు, ఎంతో కాలం. అదే పేరున్న బతికున్న మనిషిని కూడా కుమంజయి అని పిలుస్తారు. అక్కడి టీవీలో కొన్ని కార్యక్రమాల ముందు, చనిపోయినవాళ్ళ బొమ్మలు, గొంతులు ఉండవచ్చు అని హెచ్చరిక వేస్తారు, మొదట చూసినప్పుడు నాకు అర్థం కాలేదు.

యువెండుము దగ్గరి భూముల్లోనే 1928లో కానిస్టన్ హత్యలు జరిగాయి. ఒక తెల్లాయన హత్యకు బదులుగా మర్రే అనే పోలీసు గుర్రాల మీద మనుషుల్ని వేసుకొని వారాల తరబడి దొరికినవాళ్ళను దొరికినట్టు కాల్చాడు. ప్రభుత్వం ఒప్పుకున్నది 31 మందిని, వాళ్ళ కుటుంబాలు చెప్పే లెక్క అంతకు ఎన్నో రెట్లు. విచారణ జరిపి ఆత్మరక్షణ అని తేల్చేశారు. జోడేఘాట్‌లో కుమురం భీంను చంపింది 1940లో, అంటే మన ముసలాళ్ళకు అది ఎంత దగ్గరి విషయమో వాళ్ళకు ఇదీ అంతే. ఆ తర్వాత 1946లో రేషన్ ఇచ్చే చోటుగా ప్రభుత్వం పెట్టిందే ఇప్పటి యువెండుము. ఊరు అట్లా ఎందుకుంది, అక్కడే ఎందుకుంది అని అడిగేవాళ్ళు 1928, 1946 గుర్తుపెట్టుకుంటే చాలు.

అన్నిటికంటే దూరం పోయింది కింటోర్. ఆలిస్ నుంచి 500 కిలోమీటర్లకు పైనే, పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు దగ్గర. పింటుపి అనే ఎడారి ఆదివాసులు పపున్యాలో ఇమడలేక 1981లో తమ భూమికి తిరిగి వచ్చి కట్టుకున్న ఊరు. మా పెద్దబాపు అడిగిన ప్రశ్నకు దగ్గరగా వచ్చేది ఇక్కడే: 1984లో, అంటే ఇందిరాగాంధీని చంపిన ఏడాది, ఆ ఎడారిలోంచి ఒక పింటుపి కుటుంబం, తొమ్మిది మంది, బయటి ప్రపంచంతో ఏ సంబంధమూ లేకుండా బతికినవాళ్ళు, తమ చుట్టాలను కలుసుకున్నారు. వాళ్ళలో కొందరు తర్వాత పేరున్న చిత్రకారులయ్యారు.

కింటోర్‌లో నేను చూసిన ఏసీ డయాలసిస్ గదిది. కిడ్నీ జబ్బు ఆ ఎడారిలో చాలా ఎక్కువ. ఆ గది రాకముందు డయాలసిస్ మిషన్ కావాలంటే ఆలిస్‌కు వచ్చి శాశ్వతంగా అక్కడే పడి ఉండాలి. మా మేనమామ వారానికి మూడుసార్లు పరకాల నుంచి హన్మకొండకు వచ్చి డయాలసిస్ చేయించుకొని పొద్దుగూకే సరికి ఇంటికి పోతాడు, అదే పెద్ద నరకం అంటాడు. 500 కిలోమీటర్ల నుంచి వచ్చేవాళ్ళకు ఆ తిరిగిపోవడం కూడా లేదు. అందుకని పింటుపి చిత్రకారులు పెద్ద పెద్ద క్యాన్వాసులు కలిసి వేసి 2000లో సిడ్నీలో వేలం పెట్టించారు, పది లక్షల డాలర్లకు పైగా వచ్చింది, ఆ డబ్బుతో మొదలుపెట్టి 2004లో కింటోర్‌కు మిషన్ తెచ్చుకున్నారు. ఇప్పుడు పర్పుల్ హౌస్ పేరుతో అదే సంస్థ ఇంకా చాలా ఊళ్ళలో నడుపుతోంది. దాచుకోవడం రాదు అని మా సీనియర్ తిట్టేది వీళ్ళనే.

ఉలురు అనే పెద్ద ఎర్ర రాతికొండను చూడటానికి వచ్చే మన తెలుగువాళ్ళు చాలామంది ఆలిస్‌లో ఆగుతారు, వాళ్ళకు రెండు మాటలు. ఆ కొండ ఎక్కడం 2019 అక్టోబర్ 26 నుంచి బంద్, యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి గైడ్‌తో గొడవ పడొద్దు. కమ్యూనిటీలోకి పోవాలంటే ముందు పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోండి, బండిలో బీరు సీసా ఒక్కటి కూడా ఉండకూడదు, అడగకుండా ఫోటో తీయొద్దు, ముఖ్యంగా పిల్లలను. బొమ్మ కొనాలంటే టూరిస్టు షాపులో కాకుండా ఊళ్ళ ఆర్ట్ సెంటర్‌లోనే కొనండి. అంత దూరం పోలేకపోతే సెప్టెంబర్‌లో ఆలిస్‌లోనే డెజర్ట్ మాబ్ అనే బొమ్మల ప్రదర్శన జరుగుతుంది, ఎడారి ఆర్ట్ సెంటర్లన్నీ అక్కడికే వస్తాయి.